రైలెక్కిన పిల్లల కథ

స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో నగరాన్ని ఆనుకుని ఉన్న లీత్ రేవులో ఒకప్పుడు పెద్ద రైల్వే స్టేషన్ ఉండేది. 1952లో అక్కడికి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. హెరాయిన్ మరిగిన కుర్రాళ్ల గురించి ఇర్విన్ వెల్ష్ 1993లో రాసిన ‘ట్రెయిన్‌స్పాటింగ్’ నవలలో, పాడుబడిన ఆ స్టేషన్లో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లను ఒక ముసలి తాగుబోతు రైళ్లు లెక్కపెట్టుకుంటున్నారా అని ఎకసెక్కెమాడతాడు. ఆ తరం గతేమిటో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. 1996లో డానీ బాయిల్ ఆ నవలను సినిమాగా తీస్తే దేశదేశాల కుర్రకారు ఎగబడి చూశారు.

అదే కథను నేటి పదిహేనేళ్ల బ్రిటిష్ పిల్లలకు మళ్లీ చెప్పాలంటే? హెరాయిన్ సూదిని అలాగే ఉంచి, పాత్రల చేతికి స్మార్ట్‌ఫోన్ ఇస్తే సరిపోదని మా అభిప్రాయం. పాత కథ బలమంతా దాని కాలంలోనూ చోటులోనూ ఉంది. లీత్‌లో హెన్రీ రాబ్ నౌకా నిర్మాణ కేంద్రం 1984లో మూతపడింది. పని పోయిన వీధుల్లోకి చవక హెరాయిన్ వచ్చి పడింది. సిరంజిలు దొరక్కుండా కట్టడి చేస్తే మత్తు మానేస్తారనుకున్నారు. మానలేదు సరికదా, ఒకే సూదిని పదిమంది పంచుకున్నారు. ఎడిన్‌బరోలోని ఒక డాక్టర్ల బృందం తమ దగ్గరికొచ్చే సూది బాధితులకు పరీక్షలు చేస్తే సగం మందికి హెచ్‌ఐవీ తేలింది. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. సినిమాలో హెచ్‌ఐవీ సోకిన టామీ అనే కుర్రాడి చావు ఊరికే కల్పించింది కాదు.

ఇవాళ ఇంగ్లండ్‌లో మత్తు చికిత్సకు వచ్చే పద్దెనిమిదేళ్లలోపు వారిలో హెరాయిన్ వాడినవారు బహు అరుదు. అత్యధికుల సమస్య గంజాయి. దాని పక్కన కెటమిన్ అనే మత్తుమందు ఉంది. పాతికేళ్లయినా నిండకుండానే మూత్రాశయం పాడుచేసుకుంటున్నవారు ఆస్పత్రులకు వస్తున్నారు. బెలూన్లలో నింపి పీల్చే నైట్రస్ ఆక్సైడ్‌ను 2023 నవంబరులో నిషేధిత మత్తుల జాబితాలో చేర్చారు. బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 38 పాఠశాలల్లో పిల్లల దగ్గర పట్టుబడిన వేప్‌లను (ఈ-సిగరెట్లను) పరీక్షించి, ప్రతి ఆరింటిలో ఒకదానిలో ‘స్పైస్’ అనే కృత్రిమ మత్తు ఉందని 2024లో వెల్లడించారు. గంజాయి నూనె అనుకుని పీల్చేవాడికి తాను పీలుస్తున్నదేమిటో తెలియదు. సూదిని చూస్తే భయమేస్తుంది. పండ్ల వాసనొచ్చే వేప్‌ను చూసి ఎవరు భయపడతారు?

అసలు కథ మాత్రం వాడకంలో కన్నా రవాణాలో ఉంది. లండన్, లివర్‌పూల్ ముఠాలు ఒక ఫోన్ నంబరును అడ్డం పెట్టుకుని చిన్న పట్టణాల్లో, సముద్రతీర ఊళ్లలో సరుకు అమ్ముతాయి. అక్కడ దీన్ని ‘కౌంటీ లైన్స్’ అంటారు. సరుకు మోసేది బడి పిల్లలు. మొదట కొత్త బూట్లు, కోడి వేపుడు, కాసింత చనువు. తర్వాత దారిలో వాడి దగ్గరున్న సరుకును ముఠా మనుషులే దోచుకుంటారు. నష్టం వాడి ఖాతాలో పడుతుంది. ఆ బాకీ తీరేదాకా వాడు వాళ్ల మనిషే. మన పల్లెల్లో పాలేరును కట్టేసిన అప్పు పద్దుకూ దీనికీ తేడా ఏముంది? పాత కథలో కుర్రాళ్లు రైళ్లు రాని స్టేషన్లో నిలబడ్డారు. ఈనాటి కుర్రాడు నిజంగానే రైలెక్కుతున్నాడు, బడి సంచిలో సరుకుతో. కొత్త రచన మొదలు కావలసింది ఈ రైలు పెట్టెలోనే.

సెన్సారు చిక్కు ఒకటుంది. పాత సినిమాకు బ్రిటన్‌లో ‘18’ సర్టిఫికెట్ ఇచ్చారు. అంటే ఎవరికి చెప్పాలో వాళ్లకే తలుపు మూసేశారు. ‘15’ సర్టిఫికెట్ కావాలంటే మత్తు వాడటాన్ని చూపవచ్చు కానీ, సినిమా మొత్తంగా దాన్ని ప్రోత్సహించకూడదు, వాడే పద్ధతి నేర్పకూడదు. ఇది న్యాయమే. అయితే సులువుగా దొరికే ప్రమాదకర పదార్థాల విషయంలో బోర్డు మరింత కటువు. పిల్లల చేతికి అందేవి సరిగ్గా అవే!

ఇక నీతిబోధ సంగతి. 1996లో అమెరికా అధ్యక్ష అభ్యర్థి బాబ్ డోల్ ఈ సినిమా హెరాయిన్‌ను కీర్తిస్తోందని మండిపడ్డారు. ఆయన దాన్ని చూడనేలేదని తర్వాత తేలింది. మత్తులో సుఖం ఉందని ఆ కథ దాచలేదు, అందుకే అది చూపిన నరకాన్ని కుర్రకారు నమ్మారు. టికెట్ ధరలు పెంచుకోవాలంటే మీ తారలతో డ్రగ్స్ వ్యతిరేక వీడియోలు చేయించండని 2024లో తెలంగాణ ప్రభుత్వం నిర్మాతలను కోరింది. ఆ ఉద్దేశాన్ని మేం తప్పుపట్టం. కానీ హీరో కెమెరా వంక చూసి ‘వద్దు’ అంటే పాప్‌కార్న్ కొనుక్కోవడానికి లేచేవాళ్లే ఎక్కువ. బ్రిటిష్ పిల్లలూ ఇందుకు భిన్నం కాదు.

హత్యానేరం మీద పడిన ఒక బడి పిల్లాడి కథైన ‘అడాలసెన్స్’ సిరీస్‌ను 2025లో బ్రిటన్ మాధ్యమిక పాఠశాలలన్నింటికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. మత్తు కథకూ ఆ దారి దొరకవచ్చు. అప్పుడు దాన్ని చూసే తరగతి గదిలో, చివరి బెంచీలో, జేబులో రెండో ఫోను ఉన్న కుర్రాడు కూడా ఉంటాడు. సినిమా మధ్యలో అది మోగుతుంది.