చెవుల సంగతి కూడా చెప్పాల్సింది

పిల్లలు స్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో, అంటే నడుస్తూ వాయించే బృందంలో చేరితే అయ్యే ఖర్చు, పట్టే సమయం గురించి ఈ వ్యాసంలో చక్కగా చెప్పారు. కానీ పిల్లల ఆరోగ్యం గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు నచ్చలేదు.

మా అమ్మాయి సైడ్ డ్రమ్ వాయిస్తుంది. ఆ డ్రమ్ముల వరుస పక్కన కాసేపు నిలబడి చూడండి, మోత గుండెల్లో తగులుతుంది. 85 డెసిబెల్స్ దాటిన శబ్దాన్ని గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది, అలా పోయింది మళ్లీ రాదు. డ్రమ్ముల దగ్గర ఆ హద్దు ఇట్టే దాటుతుంది. సంగీతం వాయించేవారి కోసమే తయారుచేసే ఇయర్ ప్లగ్‌లు ఉంటాయి. వాటితో మోత తగ్గుతుంది, స్వరం మాత్రం స్పష్టంగానే వినిపిస్తుంది. మాస్టారు అడగలేదు కదా అని ఊరుకోకుండా మొదట్లోనే కొనివ్వండి.

ట్రంపెట్ ఊదే పిల్లలకు తొలి రోజుల్లో పెదవులు త్వరగా అలసిపోతాయి. పళ్లకు క్లిప్పులుంటే లోపల ఒరుసుకుంటాయి కూడా. ఇక భుజాన మోసే పెద్ద ఊదే వాద్యం సూసాఫోన్, ఇత్తడిదైతే పది కిలోలకు పైమాటే. ఎండలో సాధన ఉంటే నీళ్లు, పాదానికి సరిపోయే బూట్లు తప్పనిసరి.

మరో మాట. మొదటి వారాల్లో పాట పెద్దగా వినిపించదు, అంతా నడకే. మడమ ముందు, వేళ్లు తర్వాత నేలకు ఆనాలి, పైన వాద్యం కదలకూడదు. మా అమ్మాయి వంటింట్లోంచి హాల్లోకి కూడా అలాగే నడిచేది. ఈ దశలో "వాయించడం ఎప్పుడు నేర్పుతారు?" అంటూ మాస్టారి వెంట పడకండి, దయచేసి.