పక్కన పెట్టిన ఫైళ్ల లెక్కా చెప్పాలి

ఆర్థిక మోసాల కేసుల్లో సోదాలకు వెళ్లిన అధికారులు ఇవాళ సర్వర్లు, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు మూటగట్టి తెస్తున్నారు. వాటిలో లక్షల మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, ఖాతాల ఎంట్రీలు ఉంటాయి. చార్జిషీటుకు ఎక్కేది అందులో పిసరంత. మిగతా దాంట్లో ఏముందో దర్యాప్తు అధికారికి తప్ప ఎవరికీ తెలియదు. ఈ పద్ధతి మారి తీరాలి.

హైదరాబాద్‌లోనే జరిగిన సత్యం కంప్యూటర్స్ మోసాన్ని చూడండి. కంపెనీ ఇన్‌వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో ‘సూపర్ యూజర్’ లాగిన్‌తో 7 వేలకు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు సృష్టించి, ఆయా విభాగాల అధిపతులకే కనబడకుండా దాచారని సీబీఐ తేల్చింది. ఇలాంటి చోట ఎవరు, ఏ రోజు, ఏ మెషీన్ నుంచి లాగిన్ అయ్యారో చెప్పేది కంప్యూటర్ లాగ్ ఒక్కటే. పెద్దల పాత్రను బయటపెట్టే లైను అందులోనే ఉంటుంది. పైవాళ్లు చెప్పిన అంకెలు ఎక్కించిన చిన్న ఉద్యోగిని కాపాడే లైనూ అందులోనే ఉండొచ్చు. ఆ రెండో లైను చార్జిషీటులో లేకపోతే అతనికి అది ఉందన్న సంగతే తెలియదు.

అందుకే సీజ్ చేసినా ప్రాసిక్యూషన్ ఆధారపడని పత్రాల జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2021లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. 2025 మే 7న సరళా గుప్తా కేసులో మనీ లాండరింగ్ నిందితులకూ అదే వర్తింపజేసింది. జాబితా చేతికొస్తేనే కదా, కావలసిన పత్రం ఏదో అడగగలిగేది! టెరాబైట్ల డిస్కును ముందు పడేసి వెతుక్కోమంటే ఇచ్చినట్టు కాదు. ఫైలు పేరు, తేదీ, ఏ పరికరంలో దొరికిందన్న వివరాలతో జాబితా ఉండాలి.

భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. దాన్ని కోర్టులో వేసే ఫైళ్లకే పరిమితం చేయకుండా, సీజ్ చేసిన రోజే డిస్కు మొత్తానికి తీసి పంచనామాలో ఎక్కించాలి.

బయటివాళ్ల ప్రైవసీ ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. మెమరీ కార్డులోని విషయం ప్రాసిక్యూషన్ ఆధారపడిన పత్రమైతే కాపీ ఇవ్వాలని 2019లో కేరళ నటిపై దాడి కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, బాధితురాలి గోప్యత దృష్ట్యా కాపీ నిరాకరించి చూసుకునే వీలు మాత్రం కల్పించింది. హద్దులు గీయడం కోర్టులకు చేతనైన పనే.

ఇది మోసగాళ్లపై జాలి అనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో సెర్కో కంపెనీ మాజీ డైరెక్టర్లపై పెద్ద మోసాలను దర్యాప్తు చేసే సీరియస్ ఫ్రాడ్ ఆఫీస్ పెట్టిన కేసు 2021లో విచారణ మధ్యలోనే కుప్పకూలింది. నిందితుల తరఫువారికి ఇవ్వాల్సిన సమాచారాన్ని సరిగా ఇవ్వకపోవడమే కారణం. మన దగ్గర అలాంటిదే జరిగితే నష్టపోయేది అగ్రిగోల్డ్ లాంటి సంస్థల్లో కూలి డబ్బు దాచుకున్నవాళ్లే. తెలుగు రాష్ట్రాల సీఐడీలు సుప్రీంకోర్టు తమ కేసులో చెప్పేదాకా ఆగకుండా, వచ్చే చార్జిషీటు నుంచే ఈ జాబితాను జతచేయాలి. ఫోరెన్సిక్ ల్యాబుల్లో అందుకు తగ్గ సిబ్బందిని ప్రభుత్వాలు వెంటనే నియమించాలి.