మైలవరంలో మోటరు మామ

మా అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వానదేవుడికి మనసైతే. అందుకే మాకు నీళ్లంటే బోరు, బోరంటే మోటరు, మోటరంటే మా మామ. వెయ్యి అడుగుల కింద మోటరు మూలిగితే పైన నిలబడి రోగం చెప్పేస్తాడు. నీళ్ల మీద తిరిగే మోటరును మాత్రం మొన్నటిదాకా చూసి ఎరగడు.

జమ్మలమడుగు దగ్గర మామ స్నేహితుడికి చేపల పడవ ఉంది. దాని ఇంజను ఎక్కడో సముద్రంలో చాకిరీ చేసి, ఉప్పుకు రంగు పోయి, రిటైరై పెన్నకు వచ్చింది. మైలవరం జలాశయంలో తిప్పిస్తానంటే మామ, అవ్వ, నేను, నా భార్య పోయాం. నడిపేవాడు సెలవులకొచ్చిన కుర్రాడు. పెట్రోలు ట్యాంకును ఆటోలో గట్టుదాకా మోసుకొచ్చింది మామే.

"ఒక్క చుక్క ఒలకల్యా. ఉండే మరలన్నీ నేనే బిగించినా" అన్నాడు దిగుతూనే.

పది నిమిషాలు దర్జాగా సాగాం. సరిగ్గా నీళ్ల నడుమకు చేరాక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కుర్రాడు తాడు లాగాడు. భుజం పట్టేసేదాకా లాగాడు.

"పక్కకు జరుగప్పా" అని మామ పంచె ఎగగట్టాడు. ప్లగ్గు విప్పి పంచె కొసతో తుడిచాడు. పెట్రోలుందా అని ట్యాంకు మూత తిప్పితే 'ఉస్స్'మంది. చూసి, బిగించి, తాడు లాగితే ఒక్క లాగుకే బుర్రుమంది!

"ప్లగ్గులో మసప్పా, ఇంకేం ల్యా."

పది నిమిషాలకు మళ్లీ ఆగింది. ఈసారి ఫ్యానుకు నాచు చుట్టుకుందేమో వంగి చూడమన్నాడు నన్ను. నాకు ఈత రాదు. నా భార్య నా కాలరును రెండు చేతులా పట్టుకుంది, కారు తాళం నా జేబులో ఉంది మరి. నాచు లేదు. మామ మూత తీశాడు, ఉస్స్, బిగించాడు, లాగాడు, బుర్రు. "నాచే" అన్నాడు. మూడోసారి తప్పు ఆయిలుది: లీటరుకు ఇరవై మిల్లీ కలపలేదట.

అవ్వ వక్కాకు నములుతూ ఇదంతా చూస్తోంది. ఆమె చూపు మామ మీద లేదు, పెట్రోలు గొట్టం మధ్యనున్న రబ్బరు బుడ్డ మీద ఉంది. బీపీ మిషనుకుంటుందే, అట్లాంటిది. ఇంజను ఆగినప్పుడల్లా రసం పీల్చేసిన మామిడిపండులా చొట్టపోతోంది. మామ మూత తీయగానే మెల్లగా ఒళ్లు విరుచుకుంటోంది.

"రేయ్ నాయనా, నూనె డబ్బాకు ఎన్ని బొక్కలు కొడ్తారురా?"

"రెండుమా. ఒకటి నూనెకు, ఒకటి గాలికి" అన్నాడు మామ.

"దీనికి రెండోది యాడుందిరా?"

కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. మూత నడినెత్తిన బుల్లి మర ఒకటుంది. ట్యాంకు మోసేటప్పుడు పెట్రోలు చిందకుండా దాన్ని బిగించాలి, ఇంజను నడిపేటప్పుడు వదులు చేయాలి. బిగిస్తే గాలి లోపలికి పోదు. ఇంజను పీల్చీ పీల్చీ, చివరికి చుక్క రాక ఊపిరి వదులుతుంది. మామ మూత తీసిన ప్రతిసారీ పని చేసింది గాలి, పేరు ప్లగ్గుది.

మర వదులు చేశాక ఇంజను మళ్లీ దగ్గలేదు.

"ఇంతకీ దాన్ని బిగించిందెవుర్రా?" అంది అవ్వ.

మామ గబుక్కున గండికోట దిక్కు చెయ్యి చూపించాడు. "ఎర్రమల కొండలుమా. ఎంత ఎర్రగుండాయో చూడు."