ముందు కార్బొరేటర్ విప్పండి, పెట్రోలు సంగతి తర్వాత చూద్దాం

స్టార్ట్ కాని బండి చుట్టూ మన తెలుగు నేల మీద ఎంత పాండిత్యం పోగవుతుందో ఇంతవరకు ఎవరూ లెక్కగట్టలేదు. అష్టావధానం జరగాలంటే పృచ్ఛకులకు కబురు పెట్టాలి, మైకు కట్టించాలి, శాలువాలు కొనాలి. బండికి ఇవేవీ అక్కర్లేదు. పొద్దున ఎనిమిదిన్నరకి, బడి బ్యాగు తగిలించుకున్న పిల్లాడు వెనక కూర్చుని ఉండగా, నాలుగు కిక్కులు కొట్టి ఆయాసపడితే చాలు. అయిదో కిక్కుకి పృచ్ఛకులు వాళ్లంతట వాళ్లే వచ్చేస్తారు.

ఈ విద్యకి మూలసూత్రం ఒక్కటే. నిర్ధారణ ముందు, పరీక్ష తర్వాత. పాల ప్యాకెట్లు పట్టుకెళ్తున్న పెద్దమనిషి నడక ఆపకుండానే "ప్లగ్గు" అంటాడు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాయన "కార్బొరేటర్‌లో చెత్త పడుంటుంది" అంటాడు. మేడ మీద పళ్లు తోముకుంటున్న ఆయన నోట్లో నురగ ఉమ్మేసి మరీ "బోరుకొచ్చింది, ఇంజన్ విప్పాల్సిందే" అని తీర్పిస్తాడు. చెప్పిన రోగం ఎంత ఖరీదైనదైతే చెప్పినవాడికి అంత విలువ. "పెట్రోలుందా అంకుల్?" అని అడిగిన ఇంటర్ కుర్రాడిని మాత్రం అందరూ జాలిగా చూస్తారు.

దానికి అంకుల్ జవాబు ఎప్పుడూ ఒకటే. "నిన్ననే కొట్టించా."

ఇది ప్రమాణపూర్వక వాంగ్మూలం. దీని మీద క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు. ఎంతకి కొట్టించారని ఎవరూ అడగరు. వంద రూపాయలకి మన దగ్గర లీటరు పెట్రోలు కూడా రాదు. ఆ ముప్పాతిక చిల్లరతో ఆఫీసుకీ, రైతుబజారుకీ వెళ్లొచ్చాక, రాత్రి అబ్బాయి "ఇక్కడికే నాన్నా" అని తాళం చెవి పట్టుకెళ్లిన సంగతి రికార్డులో లేదు.

శాస్త్రం మాట్లాడితే, ఇంజన్ తిరగడానికి పెట్రోలు, గాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ ఉండాలి. ఏది అందడం లేదో తెలియాలంటే ముందు ఆ నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చూడాలి. ప్లగ్గు తడిగా ఉండి పెట్రోలు వాసన కొడుతుంటే ఇంధనం లోపలికి వస్తున్నట్టే. స్పార్క్ సంగతి చూసుకోవాలి, లేదా పెట్రోలు ఎక్కువైపోయిందనుకుని గాలిని తగ్గించే చోక్ ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పిపట్టి కిక్కు కొట్టాలి. ప్లగ్గు పొడిగా ఉంటే ఇంధనం రావడం లేదన్నమాట. అప్పుడు వెనక్కి నడుచుకుంటూ వెళ్లాలి. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ దగ్గర పైపు లాగి, కింద సీసా పెట్టి, ట్యాంకు కిందున్న కుళాయి, అదే కాక్, తిప్పితే పెట్రోలు ధారగా రావాలి. రాకపోతే ట్యాంకు మూత తెరవాలి. తెరవగానే ధార మొదలైతే మూతలో గాలి ఆడే సన్నని కన్నం మూసుకుపోయినట్టు. గాలి లోపలికి పోనిదే పెట్రోలు బయటికి రాదు. పిన్నీసుతో ఆ దుమ్ము తీస్తే సరిపోతుంది.

ఒక ప్లగ్ స్పానరు, ఖాళీ సీసా, ఓ పది నిమిషాలు. ఈ పద్ధతికి మన సమాజంలో గౌరవం లేకపోవడానికి కారణం కూడా అదే. పది నిమిషాల్లో తేలిపోయేదానికి ఇంతమంది ఎందుకు గుమికూడినట్టు? పైగా పిన్నీసుతో బాగైందని ఆఫీసులో ఎలా చెప్పుకుంటాం? "కార్బొరేటర్ మొత్తం దింపించాను" అనడంలో ఉన్న నిండుదనం అందులో లేదు. అందుకే కార్బొరేటర్ దిగుతుంది. పెట్రోలు పోయే సన్నని కన్నాల జెట్లు పాత పేపర్ మీద పరుస్తారు. వాటిలో ఒకటి దొర్లి మురిక్కాలవ వైపు పోతుంది. సరిగ్గా ఆ సమయానికి ఒకాయన సెల్‌ఫోన్ టార్చి వేసి, నోట్లో వెలుగుతున్న సిగరెట్టుతోనే ట్యాంకులోకి తొంగిచూసి "ఉందయ్యా, కనబడుతోంది" అంటాడు. ఆయనకి కనబడింది ట్యాంకు అడుగు.

ఇక బండిని ఎడమ పక్కకి వంచడమనే ప్రక్రియ గురించి వేరే గ్రంథమే రాయాలి. 1972లో బజాజ్ చేతక్ స్కూటర్ వచ్చింది మొదలు మన నాన్నలందరూ చేసిన వ్యాయామం ఇది. స్కూటరును వంచి, ఆ భంగిమలోనే కాసేపు నిలిచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొడితే చాలాసార్లు స్టార్టయ్యేది. ఇందులో మాయ లేదు. ట్యాంకులో ఎక్కడో మూలకి మిగిలిన కాస్త పెట్రోలూ పైపు వైపు జారుతుంది. మోటార్‌సైకిల్ ట్యాంకు మధ్యలో గుర్రం జీనులా ఎత్తు ఉంటుంది కాబట్టి, అవతలి పక్క చిక్కుకున్న చుక్కలు కాక్ ఉన్న వైపుకి రావాలన్నా వంచాల్సిందే. అంటే వంచినవాడు ట్యాంకు ఖాళీ అని ఒప్పుకుంటున్నట్టే. నోటితో మాత్రం అనడు. "నిన్ననే కొట్టించా" అన్న మాటని నిలబెడుతూ నిజాన్ని నడుముతో చెప్పే ఇంత మర్యాద ఇంకే దేశంలోనూ ఉండకపోవచ్చు.

ఈ పరిహాసం మధ్య పాత అంబాసిడర్ డ్రైవర్లకి మాత్రం దండం పెట్టాలి. మే నెల మిట్టమధ్యాహ్నం బండి ఆగిపోతే వాళ్లు బానెట్ ఎత్తి, తుండుగుడ్డ తడిపి పెట్రోలు పంపు మీద కప్పి, చెట్టు కింద కూర్చునేవారు. వేడికి పెట్రోలు లైనులోనే ఆవిరైతే పంపు దాన్ని లాగలేదు, చల్లబడితే మళ్లీ లాగుతుంది. రోగమేమిటో తెలుసు, మందేమిటో తెలుసు, పక్కవాడి సలహా అడగలేదు. బహుశా అందుకే ఆ జాతి అంతరించింది.

2020 ఏప్రిల్ 1న బండ్ల పొగకి కళ్లెం వేసే బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. కొత్త బైకుల్లో దాదాపుగా కార్బొరేటర్ పోయి, పెట్రోలుని లెక్కకట్టి చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. కాక్ పోయింది, దాంతో రిజర్వూ పోయింది. ట్యాంకులోకి పంపు వచ్చి చేరింది. తాళం తిప్పగానే అది రెండు మూడు సెకన్లు "జుయ్" మని ఆగుతుంది. ఆ చప్పుడు వస్తే పంపుకి కరెంటు అందుతోంది, రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష. కాకపోతే ఇది చెయ్యాలంటే చుట్టుపక్కల మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉండాలి. మన వీధిలో అది కుదిరే పనేనా? ఒకవైపు గుడి మైకు, ఇంకోవైపు పాత ఇనుము కొంటామంటూ తిరిగే ఆటో, మధ్యలో "పంపే పోయుంటుంది" అని అరుస్తున్న నిపుణులు. వాళ్ల గొంతుల్లో పంపు గొంతు వినపడక, నిజంగానే పోయిందని తీర్మానం చేస్తారు. హ్యాండిల్ మీద ఇంజన్ ఆపే కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో, సైడ్ స్టాండ్ దించి ఉందేమో చూడటం మళ్లీ ఆ ఇంటర్ కుర్రాడి స్థాయి పని.

కారైతే స్కానర్ గుచ్చుతారు. తెర మీద పీ0087 అని పడుతుంది. ఇంధన పీడనం తక్కువగా ఉందని దానర్థం. ఎందుకు తక్కువైందో అది చెప్పదు. ఫిల్టర్ పూడిపోయి ఉండొచ్చు, పంపుకి వెళ్లే వైరు వదులై ఉండొచ్చు, సెన్సరే అబద్ధమాడుతుండొచ్చు, ట్యాంకులో ఏమీ లేకపోయినా ఉండొచ్చు. గేజి పెట్టి కొలిస్తే మామూలు పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో పీడనం మూడు బార్ల దరిదాపుల్లో ఉండాలి. "గేజి లోపల ఎక్కడో ఉంది సార్" అంటాడు మెకానిక్. ఆ లోపల ఎక్కడో ఏంటో ఇంతవరకు ఏ కస్టమరూ చూడలేదు. పది ఇరవై రూపాయల ఫ్యూజు మారిస్తే గుంపులో పరువు పోతుంది కాబట్టి వేలు పోసి పంపు అసెంబ్లీ మారుస్తారు. బండి స్టార్టవుతుంది కూడా. ఎందుకంటే కొత్త పంపు బిగించేటప్పుడు పాత ఫ్యూజు కూడా మార్చి ఉంటారు. అన్నట్టు, ఆ పంపు చల్లగా ఉండేది చుట్టూ ఉన్న పెట్రోలు వల్లే. ఎప్పుడూ పెట్రోలు అయిపోవచ్చిందని చెప్పే లైటు మీదే తిరిగేవాళ్లకి అది తొందరగా వేడెక్కుతుంది. వంద రూపాయల పొదుపు చివరికి ఇలా తేలుతుంది.

ఇప్పుడు వీటన్నిటినీ పక్కకి నెట్టేసే కొత్త ముద్దాయి దొరికాడు, చెరకు, ధాన్యాల నుంచి తీసే ఇథనాల్. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యం 2018 జీవ ఇంధన విధానంలో 2030కి ఉండేది. తర్వాత దాన్ని ముందుకు జరిపారు, 2025లోనే చేరుకున్నారు. మన ప్రభుత్వ పనుల్లో గడువుకి ముందే పూర్తయినదాన్ని జనం ఎందుకు నమ్ముతారు? అనుమానంలో కొంత నిజమూ ఉంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులో నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి చేరతాయి, పైపు లాగేది అక్కడినుంచే. పాత బండ్ల రబ్బరు పైపులూ గాస్కెట్లూ దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. ఇంతవరకు న్యాయమే. కానీ మా కాలనీలో సెల్ఫ్ మోటారు "టిక్" మని ఆగిపోయినా ఇథనాలే, బ్యాటరీ చచ్చిపోయినా ఇథనాలే. వానాకాలంలో మూత సరిగా పెట్టనివాడి ట్యాంకులో నీళ్లున్నా ఇథనాలే. గాజు సీసాలో కాస్త పట్టి నిలబెడితే, నీళ్లు ఎక్కువుంటే అడుగున వేరే పొర కనబడుతుంది, వాదన అక్కడే తెగుతుంది. బంకులో పెట్రోలు చుక్క ఆరాక మరక మిగులుతుందేమో చూసే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగొచ్చు, అయిదు లీటర్ల కొలత అడగొచ్చు, రాసి ఉన్న సాంద్రత ఘనపు మీటరుకి 720కీ 775 కిలోలకీ మధ్య ఉందో లేదో చూడొచ్చు. సాంద్రత గురించి పక్కింటాయనతో గంటసేపు వాదించే మనం బంకులో మాత్రం వెనకవాడు హారన్ కొడుతున్నాడని నోరెత్తం.

అందుచేత ఉభయ రాష్ట్రాల ప్రభుత్వాలకూ నాదొక వినతి. ప్రతి వీధిలో బండి చుట్టూ చేరినవాళ్ల పేర్లు, ఎవరు ఏ రోగం చెప్పారో ఎదురుగా రాసి, సంతకాలు తీసుకోవాలి. తేలాక ఎవరి రోగం తప్పయితే వాళ్లు ఆ బండిని మెకానిక్ షెడ్డు దాకా తోయాలి. ఈ చట్టం వచ్చిన మర్నాడే వీధి ఖాళీ అవుతుంది. అప్పుడైనా పంపు చప్పుడు వినబడుతుంది.

కరెంటు బండ్లు వచ్చాక ఈ విద్య అంతరించిపోతుందని కొందరు బెంగపడుతున్నారు. అక్కర్లేదు. మొన్న మా సెల్లార్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ మొరాయించింది. మూడో అంతస్తు రిటైర్డ్ మాస్టారు దిగొచ్చారు. అడ్డొస్తోందని సైడ్ స్టాండ్ పైకి తన్ని, బండిని ఎడమ పక్కకి వంచి, కాసేపు అలాగే పట్టుకుని, నిలబెట్టి "ఇప్పుడు నొక్కమ్మా" అన్నారు. ఆ అమ్మాయి నొక్కింది. బండి కదిలింది. అప్పట్నుంచీ మా అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ పెట్టేముందు అందరూ ఒకసారి వంచుతున్నారు.