గేర్‌బాక్స్ మీద పడే ముందు బండి కింద పడుకోండి

"పాత బండి కదా, అంతేలే" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అంతేలే ఏంటండీ? ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున ఆ బండికి గేరు సాఫీగానే పడింది. ఇప్పుడు పడట్లేదంటే ఎక్కడో ఏదో అరిగింది. వయసు మీదకి నెట్టేస్తే వెతికే పని తప్పుతుంది, అంతే.

మాది వోక్స్‌వాగన్ టైప్ 2 వ్యాను. 1950లో మొదలైన డిజైన్. ఇంజనూ గేర్‌బాక్సూ వెనక, గేర్ లివరేమో ముందు డ్రైవర్ పక్కన. మధ్యలో ఫ్లోర్ కింద పొడవాటి రాడ్డు. మనం ముందు చెయ్యి కదిపితే ఆ కబురు బండి పొడవునా ప్రయాణం చేసి వెనక్కి చేరాలి. దారిలో ఒక్కో బుష్షూ (రాడ్డుని పట్టి ఉంచే తొడుగు), ఒక్కో జాయింటూ కాస్తకాస్త మింగేస్తూ పోతే గేర్‌బాక్స్‌కి చేరేది గాలివార్తే.

మా బండిలో లివర్ ఖాళీ గిన్నెలో గరిటెలా తిరిగేది. రెండో గేరుకి లాగితే ఒక్కోసారి రివర్స్ గరగరమనేది. మూడో గేరు పడ్డట్టే పడి, దిగుడులో యాక్సిలరేటర్ వదలగానే న్యూట్రల్‌లోకి జారిపోయేది. ఇద్దరు మెకానిక్‌లకి చెప్పాను. ఇద్దరిదీ ఒకటే మాట: గేర్‌బాక్స్ దించాలి, ఓవరాలింగ్ చేయాలి. ఒక్కరైనా కిందకి వంగి చూశారా? లేదు. ఒకాయనైతే ఫోన్‌లోనే తేల్చేశారు!

ఆ రాడ్డు చేసే పనులు రెండే. ముందుకీ వెనక్కీ జరుగుతుంది, తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. తిరగడంతో ఏ వరసో (ఒకటి-రెండా, మూడు-నాలుగా, రివర్సా) తేలుతుంది, జరగడంతో గేరు పడుతుంది. తిరగడంలో ప్లే, అంటే వదులు, వస్తే పక్క వరసలోకి పోతుంది, నా రివర్స్ గోల అదే. జరగడంలో ప్లే వస్తే గేరు సగమే పడుతుంది. సగం పడ్డ గేరు పళ్ల అంచుల మీదే బరువు మోస్తుంది, అంచులు గుండ్రంగా అరుగుతాయి, అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ దించాల్సి వస్తుంది. అంటే చిన్న బుష్షుని పట్టించుకోకపోతే అది పెద్ద పెట్టెని తినేస్తుంది.

ఇంకా ఒళ్లు మండేది అడ్జస్ట్‌మెంట్ పిచ్చి చూస్తే. లివర్ కింద బోల్టులు రెండు వదులు చేసి, అటూ ఇటూ జరిపి, "సెట్ అయిపోయింది సార్" అంటారు. రెండో గేరు సెట్ అవుతుంది, నాలుగోది పోతుంది. మళ్లీ జరుపుతారు. అరుగుదలని అడ్జస్ట్ చేయలేం, ఒక మూల నుంచి ఇంకో మూలకి తోయగలం అంతే. ముందు అరిగినవి మార్చాలి, అడ్జస్ట్‌మెంట్ ఆ తర్వాత.

చివరికి నేనే దూరాను. (జాక్ ఒక్కటే నమ్ముకుని దూరకండి, కింద స్టాండ్లు పెట్టండి.) మా ఆవిడని సీట్లో కూర్చోబెట్టి లివర్ ఊపమన్నాను. ముందు రాడ్డు కదులుతోంది. వెనక కప్లింగ్ (రాడ్డుని గేర్‌బాక్స్‌కి కలిపే జాయింటు) దాటాక ఏమీ కదలట్లేదు, కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదులుతోంది. రెండు నిమిషాల్లో జబ్బు బయటపడింది. మిగతాది మురికి పనే. రాడ్డుని పట్టుకునే ప్లాస్టిక్ బుష్షు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. పాత గ్రీజులో దుమ్ము కలిసి గరుకు కాగితంలా తయారైంది. కప్లింగ్‌లో రబ్బరు చీలిపోయింది. లివర్ అడుగున స్టాప్ ప్లేట్ ఉంటుంది, లివర్‌ని కిందకి నొక్కితే తప్ప రివర్స్‌లోకి పోనివ్వకుండా ఆపేది అదే. దాని అంచు నున్నగా అరిగిపోయింది. అన్నీ ఒకేసారి మార్చాను. ఒక్కటి మార్చి చూద్దాం అనుకుంటే మిగతా వాటి ప్లే అలాగే ఉంటుంది.

విప్పే ముందు స్టాప్ ప్లేట్ ఎటు తిరిగి ఉందో ఫొటో తీసుకోండి. నేను తీసుకోలేదు, ఒకసారి తిప్పి బిగించి మళ్లీ విప్పాను. కప్లింగ్ సెట్‌స్క్రూ రాడ్డు మీదున్న గుంటలోనే సరిగ్గా కూర్చోవాలి. దానికి లాక్ తీగ ఉండే మోడల్ అయితే కొత్త తీగ చుట్టండి, లేకపోతే స్క్రూ వదులై నడిరోడ్డు మీద గేర్లన్నీ మాయమవుతాయి. మరీ గట్టి పాలియురేథేన్ బుష్షులు నాకైతే నచ్చవు, చప్పుడు లోపలికి తెస్తాయి. విడిభాగాలు దొరకవన్న సాకు కూడా వద్దు, బ్రెజిల్‌లో ఈ బండిని 2013 దాకా తయారు చేశారు.

అన్నట్టు, వీటన్నిటికన్నా ముందు క్లచ్ కేబుల్ చూడండి. పెడల్ నొక్కితే కేబుల్ బిగిసేలోపు ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. పెడల్ నొక్కినా క్లచ్ ఇంజనునీ గేర్‌బాక్సునీ పూర్తిగా విడదీయకపోతే ఎన్ని బుష్షులు మార్చినా గరగర పోదు.

ఇప్పుడు గేర్లు ఎక్కడివక్కడ పడుతున్నాయి. పొద్దున్నే చల్లటి ఇంజను మీద రెండో గేరు మాత్రం ఇంకా కాస్త మొండికేస్తోంది. నాకు తెలిసి అది సింక్రో (గేరు పడే ముందు వేగాలు కలిపే రింగు) అరుగుదల. ఆ ఒక్కదానికీ పెట్టె దించక తప్పదేమో, చూద్దాం.