ఆ "కాన్ఫిడెన్స్ సూత్రాల" మెసేజ్ ఇంక నాకు పంపకండి

వారం రోజుల్నుంచి ఇదే మెసేజ్. "బడులు తెరుస్తున్నారు, మీ పిల్లల్లో కాన్ఫిడెన్స్ పెంచే 7 సూత్రాలు" అంట. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వచ్చింది, ఇంటర్ ఫ్రెండ్స్ గ్రూప్‌లో వచ్చింది, మా పిన్ని పంపింది, నిన్న రాత్రి మా ఆయన కూడా "బాగుంది చూడు" అని పంపాడు. అందరూ పిల్లల మీద ప్రేమతోనే పంపుతున్నారు, అది నాకు తెలుసు. కానీ ఒక్కరైనా చివరిదాకా చదివారా?

మొదటిది, రోజూ పొద్దున్నే నానబెట్టిన బాదం పప్పులు అయిదు. పెట్టండి, మంచిదే. దానికీ కాన్ఫిడెన్స్‌కీ సంబంధం లేదు, ముందుకెళ్దాం.

రెండోది, ఎండాకాలం సెలవుల్లోనే వచ్చే క్లాసు సిలబస్ సగం పూర్తి చేయించాలంట. సగం ముందే అయిపోయిన పిల్లాడు జూన్‌లో క్లాసులో కూర్చుని ఏం చెయ్యాలి, గోడలు చూడాలా? అమ్మమ్మ ఊరు, మామిడికాయలు, పిన్ని పిల్లలతో కొట్లాటలు, అవి కూడా చదువే.

మూడోది, మొదటి రోజు నుంచే ఇంట్లో రెండు గంటలు హోంవర్క్ అలవాటు చెయ్యాలి, ఒకటో క్లాసుకి కూడా. 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ రెండో క్లాసు వరకు హోంవర్కే వద్దంది, ఒకటి, రెండు తరగతుల బ్యాగ్ 1.6 నుంచి 2.2 కిలోలు దాటకూడదని కూడా అంది. ఒకసారి మీ పాప బ్యాగ్ తూకం వేసి చూడండి.

ఇప్పుడు ఆరోదానికి వస్తా, నా కోపమంతా దీని మీదే. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "మొదటి రోజే పిల్లల ఎదురుగా టీచర్‌తో చెప్పండి, మావాడికి కాస్త భయం చెప్పండి, రెండు తగిలించినా మేమేం అనుకోం అని. పిల్లలు దారిలో ఉంటారు." కింద "దండం దశగుణం భవేత్" అని, దండం పెడుతున్న బొమ్మ.

అసలు చదివి పంపుతున్నారా దీన్ని? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదనే కాదు, మానసికంగా వేధించకూడదని కూడా చెప్పింది. అంటే చట్టం టీచర్‌కి ఇవ్వని బెత్తాన్ని మనమే తీసుకెళ్ళి చేతికిస్తున్నాం, అదీ పిల్లాడు చూస్తుండగా.

సరే, చట్టం పక్కన పెడదాం, నా సంగతి చెప్తా. నేను మూడో క్లాసులో చేరిన రోజు మా నాన్న లెక్కల సార్‌తో ఇదే మాట అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. నాలుగో రోజు ఎక్కం మధ్యలో ఆగిపోయినందుకు ఆ సార్ తొడపాశం పెట్టాడు, తర్వాత గోడకుర్చీ. ఇంటికొచ్చి చెప్పలేదు. ఎందుకు చెప్తాను, నాన్నే కదా పర్మిషన్ ఇచ్చింది? ఆ సంవత్సరం మొత్తం నేను చెయ్యెత్తి ఒక్క డౌట్ అడగలేదు, పొద్దున్నే కడుపునొప్పి అంటే నటిస్తున్నానని అనుకున్నారు. నొప్పి నిజంగానే వచ్చేది.

కొట్టిన దెబ్బ సాయంత్రానికి తగ్గుతుంది. "మా అమ్మానాన్న వాళ్ళ వైపే" అన్న సంగతి మాత్రం పిల్లాడి బుర్రలో ఉండిపోతుంది. రేపు వ్యాన్‌లో పెద్ద క్లాసువాడు డబ్బా లాక్కున్నా, ఎవడైనా తాకకూడని చోట తాకినా, ఆ పిల్లాడు మీకు చెప్తాడా? మీరే చెప్పండి, ఏ ధైర్యంతో చెప్తాడు? ఆ మెసేజ్‌లో కాన్ఫిడెన్స్ అని రాశారు చూడండి, దాని వేరునే ఇక్కడ నరికేస్తున్నారు. టీచర్‌తో ఒక మాట చెప్పాలనుంటే ఇలా చెప్పండి: మావాడికి కొత్తవాళ్ళంటే కాస్త బెరుకు, పేరు పెట్టి పిలిస్తే మాట్లాడతాడు, ఏదైనా ఉంటే మాకు ఫోన్ చెయ్యండి. పిల్లాడి ఎదురుగానే చెప్పండి, వాడు వినాలి.

నాలుగోది, ఇంట్లో ఇంగ్లిష్ తప్ప మాట్లాడొద్దంట, తెలుగొస్తే ఫైన్ వెయ్యాలంట. అయిదేళ్ళ పిల్లకి పొట్టలో నొప్పి ఏ భాషలో వస్తుంది? 2020 జాతీయ విద్యావిధానం కూడా వీలైన చోటల్లా కనీసం అయిదో క్లాసు వరకు పాఠాలు ఇంటి భాషలోనే చెప్పమంది. ఇంగ్లిష్ వద్దని నేను అనట్లేదు, మొదటి వారానికి కావాల్సిన నాలుగు ముక్కలు నేర్పండి చాలు. బాత్రూమ్‌కి వెళ్ళాలి మేడమ్, నాకు అర్థం కాలేదు మేడమ్, నీళ్ళు తాగొచ్చా, వీడు నన్ను తోస్తున్నాడు. రెండు భాషల్లోనూ నేర్పండి. మా చిన్నది ఎల్‌కేజీలో రోజూ నిండు బాటిల్‌తో తిరిగొచ్చేది, వారం తర్వాత తెలిసింది, మూత తియ్యడం రాక, అడగడం రాక, బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందేమోనన్న భయంతో నీళ్ళే మానేసింది. ఇవన్నీ ఇంట్లో సరదాగా నేర్పొచ్చు: బాటిల్ మూత, టిఫిన్ డబ్బా క్లిప్పు, బూట్ల పట్టీ, నాన్న ఫోన్ నంబర్.

అయిదోది, గేటు దగ్గర పిల్లలు చూడకుండా జారుకోవాలంట. వద్దు. తిరిగి చూస్తే అమ్మ ఉండదు, మర్నాడు ఇంకా గట్టిగా చీర పట్టుకుంటారు. అయితే ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, మెసేజ్ రాసినవాళ్ళు ఒక విషయం సరిగ్గానే పట్టారు. గేటు దగ్గర ఎక్కువసేపు నిలబడి ఏడిపించేది మనమే. మా చిన్నదాన్ని ఊరుకోబెడుతున్నానని నేను అరగంట నిలబడేదాన్ని, నా కళ్ళల్లో నీళ్ళు చూసి అది ఇంకా ఏడ్చేది. చివరికి ఆయమ్మే అంది, "మీరు వెళ్ళండమ్మా, మీరు కనపడినంతసేపు ఏడుస్తది" అని. నిజమే. కాబట్టి త్వరగా వెళ్ళండి, కానీ చెప్పి వెళ్ళండి. ముద్దు పెట్టి, "అన్నం తిని, ఆడుకుని, గంట కొట్టగానే నేను గేటు దగ్గరుంటా" అని చెప్పి, ఆ టైముకి ఉండండి. ఒక్క రోజు ఆలస్యమైనా దాని నమ్మకం కదిలిపోతుంది.

ఏడోది, బడి తెరిచే వారం ముందు నుంచే త్వరగా పడుకోబెట్టండి అని. ఇది కరెక్టు, ఇదొక్కటే రాసుంటే నేనే పదిమందికి పంపేదాన్ని.

కింద "ప్రతి తల్లికీ చేరేదాకా షేర్ చెయ్యండి" అని ఉంది, నేను చెయ్యను. ఆరో నంబర్ తీసేసి కూడా చెయ్యను. పిన్నీ, నీ మీద కోపం కాదు. నీ మనవరాలు 12న ఎల్‌కేజీలో చేరుతోంది కదా, దానికి బాటిల్ మూత తియ్యడం వచ్చా? సాయంత్రం ఫోన్ చేస్తా.