రెండావుల ఫ్రీడమ్ గారికి ఓ కరణం మనవడి విన్నపం

మ.రా.రా.శ్రీ ఇంగ్లండులోని న్యూకాజిల్ నగర వారసత్వ ఫ్రీడమ్ (అంటే తండ్రి నుంచి పిల్లలకి సంక్రమించే పాతకాలపు నగర హక్కు) గారి సముఖానికి, టౌన్ మూర్ అనే పచ్చిక బయలు పక్క వీధిలో అద్దెకుంటున్న తెనాలి తాలూకా వాస్తవ్యుడు రాసుకున్నది. ఉభయకుశలోపరి.

తొమ్మిదేళ్ళుగా మీ పచ్చిక మీదుగానే ఆఫీసుకి నడుస్తున్నాను. వసంతంలో పశువుల్ని తోలుకొస్తారు, చలి ముదిరేలోపు తోలుకుపోతారు. మధ్యలో అన్ని నెలలూ దారి వాటిదే. మొన్న మంగళవారం, చెవికి పసుపు బిళ్ళ ఉన్న నల్లావు ఒకటి దారికి అడ్డంగా పడుకుని నెమరేస్తోంది. సైకిళ్ళ మీద వచ్చిన ఇద్దరు కిందికి దిగి, దానికి సారీ చెప్పి, సైకిళ్ళు తోసుకుంటూ గడ్డిలోంచి చుట్టు తిరిగి వెళ్ళారు. అది తోకైనా ఊపలేదు. ఈ ఊళ్ళో హక్కంటే ఏమిటో ఆ ఆవుకి తెలిసినంత నాకు తెలీదనిపించి, ఇంటికెళ్ళి మీ జాతకం తిరగేశాను.

దాదాపు వెయ్యెకరాలు, అదీ నగరం నడిబొడ్డున! లండన్‌లో హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పచ్చిక బయలు కూడా ఇంత ఉండదు. నేల సిటీ కౌన్సిల్‌ది. దాని మీద మొలిచే గడ్డి మాత్రం ఫ్రీమెన్‌ది, అంటే ఆ ఫ్రీడమ్ ఉన్నవాళ్ళది. 1774లో పార్లమెంటు చట్టం చేసి మరీ రాసిచ్చింది. ఒక్కో ఫ్రీమన్‌కి రెండు పాడావులు మేపుకునే హక్కు. ఇవాళ మీ ఫ్రీమెన్‌లో ఎవరు తెల్లారే లేచి పాలు పితుకుతున్నారని నేనడగను. మేసేవి రైతుల పశువులే అయినా హక్కు హక్కే. మా తాతయ్య కరణం. నేల ఒకరిది, గడ్డి ఇంకొకరిది అని ఆయనతో చెప్పి ఉంటే, అడంగల్లో ఏ గడిలో ఎక్కించాలో తేల్చుకునేదాకా అన్నానికి లేచేవారు కాదు.

సరే, ఆ రెండావులకి నాకు అర్హత ఉందా అని చూశాను. నాన్న ఫ్రీమన్ అయ్యుంటే ఉంది. లేదంటే ఓ ఫ్రీమన్ దగ్గర ఏళ్ళ తరబడి అప్రెంటిస్‌గా పనిచేసి ఉండాలి. డబ్బిచ్చి కొనుక్కునే దారి పూర్వం ఉండేది గానీ, మావాళ్ళకి బాగా అచ్చొచ్చే ఆ ఒక్క దారినీ 1835లో మూసేశారు. నేనూ మా ఆవిడా 24 ప్రశ్నల పరీక్ష ఒకటి రాసి, 18 కరెక్టు చేసి, ఫీజులు కట్టి, ఈ దేశ పౌరులమైపోయాం. దేశం మొత్తం ఇచ్చినవాళ్ళు రెండావుల గడ్డి దగ్గర మాత్రం 'మీ నాన్నగారెవరు?' అంటున్నారు. మా నాన్న ఎల్ఐసీలో రిటైరయ్యారండీ.

పోనీ ఇక్కడే పుట్టిన మా అమ్మాయి సంగతేమిటి? అది పుట్టింది రాయల్ విక్టోరియా ఇన్‌ఫర్మరీలో. 1906లో తెరిచిన ఆ ఆసుపత్రికి స్థలమిచ్చింది సాక్షాత్తూ మీరూ కార్పొరేషనూ కలిసి. అంటే పిల్ల మీ గడ్డ మీదే కళ్ళు తెరిచింది. అయినా చెల్లదు. మీకు కావలసింది గడ్డ కాదు, గోత్రం.

ఆ గోత్రంలో కూడా మొన్నమొన్నటిదాకా ఆడపిల్లలకి చోటు లేదట. ఫ్రీమన్ కొడుకుతో పాటు కూతురు కూడా అడగొచ్చని ఇంగ్లండంతటికీ వర్తించేలా చట్టంలో రాసింది 2009లో. మా ఎన్టీ రామారావు గారు పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లోనే చట్టం తెచ్చారు. అందులో లొసుగులు లేవని కాదు, అప్పటికే పెళ్ళయిన మా అత్తయ్యలని అడిగితే చెబుతారు. మీ బంధువు బ్రిస్టల్ ఫ్రీడమ్ గారైతే మరీ విడ్డూరం. అక్కడ పూర్వం ఫ్రీమన్ కూతుర్ని చేసుకున్నవాడికి ఫ్రీడమ్ వచ్చేది. పిల్లకి లేదు, అల్లుడికుంది! మా వైపు ఇల్లరికపుటల్లుడికి కూడా ఇంత వైభోగం లేదు.

రామారావు గారి పేరెత్తాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. 1984 జనవరిలో ఆయన ఒక్క ఆర్డినెన్సుతో కరణాలనీ మునసబులనీ ఇళ్ళకి పంపేశారు. నాకప్పుడు రెండేళ్ళు. నాలుగు తరాల కరణీకం. రికార్డులన్నీ అప్పజెప్పేసి వచ్చిన రోజు తాతయ్య ఖాళీ ట్రంకు పెట్టెకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారని మా నానమ్మ చెప్పేది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మా ఇంట్లో ఎవరూ వాడరు, గుచ్చుకుంటుంది. మీరేమో దాన్ని చట్టంగా రాయించుకుని కూర్చున్నారు. 1832లో ఓటు మీద మీవాళ్ళ గుత్తాధిపత్యం పోయింది, 1835లో వ్యాపారం మీద పోయింది, గడ్డి మాత్రం పోలేదు. ఎలా మేనేజ్ చేశారండీ? మా తాతయ్యకి ఆ కిటుకు ఎవరూ చెప్పలేదు.

గౌరవ ఫ్రీమన్ అని ఇంకో రకం ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడు అలన్ షియరర్‌కి ఇచ్చారు. ఈ ఊళ్ళో ఆయన దేవుడితో సమానం. ఇక ఆవులు మేపుకోవడమే తరువాయి అని జనం జోకులేస్తారు గానీ, గౌరవ ఫ్రీమన్‌కి ఆస్తి హక్కుల్లో వాటా లేదు. గౌరవం ఆయనకి, గడ్డి మీకు.

మీ ఊరివాడే థామస్ స్పెన్స్ మీకు గుర్తుండే ఉంటాడు. 1771లో కార్పొరేషన్ మూర్‌లో కొంత భాగాన్ని కౌలుకిచ్చి కంచె వేయిస్తే, ఫ్రీమెన్ కంచెలు పీకేసి, కోర్టుకెక్కి గెలిచారు. అది చూసిన ఈ బడిపంతులు 1775లో ఇక్కడి ఫిలసాఫికల్ సొసైటీలో లేచి, భూమి అందరిదీ అన్నాడు. ఆ ఉపన్యాసాన్ని అచ్చేసి అమ్మినందుకు సొసైటీ అతన్ని బయటికి గెంటింది. మీవాళ్ళు కంచె పీకింది తమ ఆవుల కోసం. కంచె లేకపోతే అందరూ వస్తారు కదా అన్న లెక్క పంతులికి తట్టింది.

ఒక్క మాట మాత్రం మనసులో దాచుకోలేను. మా ఊళ్ళో నలభై ఎకరాల మేత పోరంబోకు ఉండేది. తాతయ్య చేత్తో రాసిన లెక్కల్లో దాని సర్వే నంబరు, హద్దులు, చింతచెట్లతో సహా ఉండేవట. ఇప్పుడది కాగితంలో ఉంది, నేల మీద లేదు. ఒక కల్యాణ మండపం, రెండు వెంచర్లు, ఒక పెట్రోల్ బంకు. అది అందరిదీ కాబట్టి అడిగేవాడు లేడు. మీ వెయ్యెకరాలు కొందరివి కాబట్టి ఎవడైనా చెయ్యేస్తే మీద పడి అరుస్తారు. మీరలా అరుస్తున్నంతకాలం మా అమ్మాయి ఆ గడ్డిలో గాలిపటం ఎగరేసుకుంటుంది. ఇది నాకు నచ్చలేదు గానీ నిజం.

కాబట్టి రెండావులు అడగను. ఒక దూడ కూడా వద్దు. చిన్న మనవి. ఫ్రీమెన్ పేర్ల రిజిస్టరు ఒకటి మీ దగ్గర ఉంటుంది కదా, దాన్ని రాయడానికి మనిషి కావాలంటే నేనున్నాను. మాది గొలుసుకట్టు రాత, మేం తప్ప ఎవరూ చదవలేరు. ఆ కారణంగా ఒకసారి పెట్టుకున్నాక తీసెయ్యడం కష్టం. జీతం మీ చిత్తం. కాకపోతే నా తర్వాత ఆ పోస్టు మా అమ్మాయికి వచ్చేట్టు ఇప్పుడే ఓ మాట రాసి పెట్టించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
కరణం గారి పెద్ద కొడుక్కి పెద్ద కొడుకు